ఒక్కొక్కరి గొంతు

లింబుపుట్టు,
జూలై 5.

మామయ్యకు వందనాలు.

మీకు ఫోన్లో మాట అందడం లేదని అత్తయ్య చెప్పింది. ఇక్కడ సిగ్నల్ కావాలంటే బడి వెనక గుట్ట ఎక్కాలి. కాబట్టి ఇద్దరికీ ఉత్తరాలే గతి. మీ పాత శిష్యుడు వరహాలరావు శుక్రవారం శుక్రవారం అరకు సంతకి జీపు తోలుకొస్తాడు కదా, దిగువ రోడ్డు దగ్గర ఆగి నా ఉత్తరం తీసుకుంటానన్నాడు. మీ పేరు చెబితే చాలు, స్టీరింగ్ వదిలేసి దండం పెడుతున్నాడు. ఆ అలవాటు మాన్పించండి, ఘాట్ రోడ్డు.

బడి అంటే ఒక గది, ఒక వరండా, పదహారు మంది పిల్లలు. టీచర్ని నేనొక్కదాన్నే. మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి తొమ్మిది మంది. ఆ తొమ్మిది మందిలో తెలుగు పుస్తకం తెరిచి చదవగలిగింది ఒక్క రాజకుమారి. ఇళ్లలో మాట్లాడేది ఆదివాసీ ఒరియా. తెలుగు వీళ్లకి సంతలో వినపడే భాష.

మొన్న మండల విద్యాధికారి గణపతిరావు గారు వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే విషయం చెప్పేశారు. ఫిబ్రవరిలో ఆయనే వచ్చి ఆ తొమ్మిది మంది ముందూ వాళ్లెప్పుడూ చూడని పేజీ పెడతారట. కనీసం ఐదుగురు చదవాలి. లేకపోతే ఈ బడి మూసేసి, పిల్లల్ని గెడ్డ అవతలి ఊరి బడిలో కలిపేస్తారు. వానాకాలంలో ఆ గెడ్డ నీళ్లు పొంగితే మగవాళ్లే తాడు పట్టుకుని దాటుతున్నారు. మధ్యాహ్నం వంట చేసే సవరమ్మ, అంటే రాజకుమారి నాయనమ్మ, అధికారి వెళ్లాక నాతో ఒకటే మాట అంది: "గెడ్డ దాటించి ఆడగుంటల్ని పంపం టీచరమ్మా. బడి పోతే ఈళ్ల సదువు పోయినట్టే." తొమ్మిది మందిలో ఆరుగురు ఆడపిల్లలే.

అయినా నాకు భయం లేదు. ట్రైనింగులో చెప్పినట్టే మొదలుపెట్టాను. ముగ్గురేసి చొప్పున మూడు జట్లు. అట్టముక్కల మీద అక్షరాలు, బొమ్మలు. ఏది దేనికి జత అవుతుందో నేను చెప్పను, వాళ్లే కనుక్కోవాలి. నిజంగానే కనుక్కుంటున్నారు మామయ్యా. గంట కొట్టేలోపు మూడు జట్లూ పూర్తి చేసేస్తున్నాయి. పిల్లలకి మనం అడ్డు తగలకపోతే చాలనిపిస్తోంది.

మీ సుజానా


పాచిపెంట,
జూలై 13.

సుజానాకు మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషించాను. రెండోసారి కళ్లజోడు తుడుచుకుని చదివితే ఒళ్లు మండింది.

నువ్వు చెప్పవట, వాళ్లే కనుక్కుంటారట. అక్షరం ఏమన్నా అడవిలో పుట్టగొడుగా తల్లీ, వెతికితే దొరకడానికి? 'క'ని 'క' అంటారని పెద్దవాళ్లెవరో ఒకరు చెబితే తప్ప ఏ పిల్లకి తెలుస్తుంది? నీకు ప్రభుత్వం జీతం ఇస్తున్నది అడ్డు తగలకుండా కూర్చున్నందుకు కాదు.

ముప్పై నాలుగేళ్లు మిషన్ బడిలో చెప్పాను. నా పద్ధతి ఒకటే. బోర్డు దగ్గర నిలబడాలి. నువ్వు చదవాలి, నీ వెనక వాళ్లంతా చదవాలి. మా పిల్లలు పాఠం అప్పజెబుతుంటే రోడ్డు మీద బస్సు ఎక్కేవాళ్లు ఆగి వినేవారు. నమ్మకపోతే వరహాలరావుని అడుగు. రెండో తరగతి వాచకం ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా చెబుతాడు.

ఫిబ్రవరి ఎంతో దూరం లేదు. ఆ అట్టముక్కలు పొయ్యిలో పెట్టు.

సువార్తరావు


లింబుపుట్టు,
సెప్టెంబరు 12.

మామయ్యకు వందనాలు.

రెండు నెలలు రాయలేదు. మీ మీద కోపంతో రాయలేదు. ఇప్పుడు సిగ్గుతో రాస్తున్నాను.

ఈమధ్య రాజకుమారికి మలేరియా వచ్చి ఎనిమిది రోజులు బడికి రాలేదు. మొదటిరోజే మూడు జట్లూ ఆగిపోయాయి. అట్టముక్కలు చేతిలో పట్టుకుని రాజకుమారి కూర్చునే ఖాళీ చాప వైపు చూస్తూ కూర్చున్నారు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. ఇన్నాళ్లూ మూడు జట్లకీ జవాబులు చెప్పింది ఆ పిల్లే. వాళ్ల భాషలో, గొంతు తగ్గించి, నా ఎదుటే. వాళ్లు ముచ్చటించుకుంటున్నారని మురిసిపోయాను.

మోసం చేశారని సవరమ్మ దగ్గర గోల పెట్టాను. ఆవిడకి నా కోపమే అర్థం కాలేదు. అడవిలో దుంపలకి వెళ్లినప్పుడు ఎవరికి దొరికినా పక్కవాళ్ల బుట్టలో కూడా వెయ్యాల్సిందేనట. జతగాడిని ఖాళీ బుట్టతో ఇంటికి పంపడం ఇక్కడ పెద్ద తప్పు. "దానికి తెలిసింది, పక్కోళ్లకి సెప్పింది. అందులో తప్పేటి?" అని అడిగింది. ఏమీ లేదు. తప్పంతా ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో చూడని నాది.

మూడు నెలలు పోయాయి. ఐదు మిగిలాయి. మీ పద్ధతి పూర్తిగా రాయండి, రేపటినుంచే మొదలుపెడతాను.

సుజానా


పాచిపెంట,
సెప్టెంబరు 21.

సుజానాకు.

నీ ఉత్తరం చూసి పదేళ్లు వయసు తగ్గింది. తప్పు ఒప్పుకున్న టీచరు సగం గెలిచినట్టే.

పొద్దున్న మొదటి గంట వాచకమే. ఒక వాక్యం బోర్డు మీద రాయి. వేలు పెట్టి చూపిస్తూ గట్టిగా చదువు. తర్వాత అందరి చేతా చదివించు. పదిసార్లు, ఇరవైసార్లు. గొంతులన్నీ ఒక్కటయ్యేదాకా వదలొద్దు. మందకొడిగా ఉన్నవాడిని పక్కవాళ్ల గొంతే లాక్కుపోతుంది. ఇంకో మాట. ఒక్కొక్కరినీ లేపి అడగొద్దు. కొండ పిల్లలు, బిడియస్తులు. నలుగురిలో తడబడితే మర్నాడు బడికి రారు. అందరూ కలిసి చదివితే చాలు.

చలి మొదలైపోతుంది. పోయినేడు లంబసింగిలో అక్టోబరుకే స్వెట్టర్లు తీశారని పేపర్లో వేశారు. అత్తయ్య నీకు శాలువా పంపుతోంది.

సువార్తరావు


లింబుపుట్టు,
నవంబరు 9.

మామయ్యకు.

మీరు చెప్పినట్టే చేస్తున్నాను. ఆరు పాఠాలు అయ్యాయి. పిల్లలు చదువుతుంటే కొండ మీద కాఫీ తోటలో పని చేసేవాళ్లకి వినపడుతోందట. సవరమ్మ గరిటె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడి వింటోంది. నిన్న గణపతిరావు గారు అటుగా వెళుతూ జీపు ఆపి, బాగుంది బాగుంది అని తలూపి వెళ్లారు.

మిమ్మల్ని ఒక్కటి అడగాలి. మీ బడిలో పిల్లల చేత ఎప్పుడైనా విడివిడిగా చదివించేవారా? ఎందుకు అడుగుతున్నానో ఇప్పుడు రాయలేను. సూటిగా జవాబు రాయండి.

ఈ ఉత్తరం వరహాలరావుకి ఇవ్వడం లేదు. అరకు వెళ్లి నేనే పోస్టులో వేస్తున్నాను.

సుజానా


పాచిపెంట,
నవంబరు 22.

సుజానాకు.

ఉత్తరం అందింది. పోస్టులో ఎందుకు వేశావు? పదమూడు రోజులు పట్టింది. వరహాలరావు, అమ్మగారు ఉత్తరం ఇవ్వలేదేటి అని రెండుసార్లు ఇంటికి వచ్చి అడిగి వెళ్లాడు.

ఇక్కడ అంతా క్షేమం. చర్చికి సున్నాలు వేస్తున్నారు. నాకు మోకాలు నొప్పి. ఆరు పాఠాలు అయ్యాయంటే ఫిబ్రవరికి పది దాటుతాయి, ధైర్యంగా ఉండు.

సువార్తరావు


లింబుపుట్టు,
డిసెంబరు 6.

మామయ్యా,

నేను అడిగినదానికి మీరు జవాబు రాయలేదు. మోకాలి సంగతి రాశారు.

అయితే నేనే రాస్తాను. నవంబరు మొదటి వారంలో వరహాలరావు బడికి వచ్చాడు. చేతిలో రెండు మందు సీసాలు. వాళ్ల పాపకి మూడు రోజులుగా జ్వరం, దగ్గు. "అమ్మగారూ, ఇందులో జొరం మందు ఏదో సూసి సెప్పండి. రెండూ ఒకలాగే ఉన్నాయి" అన్నాడు. రెండింటి మీదా కాగితం అంటించి, మందులషాపు అతను పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో రాసే ఇచ్చాడు. ఒకదాని మీద జ్వరం, ఒకదాని మీద దగ్గు. నేను తెల్లబోయి చూస్తుంటే అతను తలదించుకున్నాడు. మూడు రోజులూ జ్వరం మందనుకుని దగ్గు మందే రెట్టింపు పోస్తున్నాడు. పాప దక్కింది, దేవుడి దయ.

వాచకం తీసి ఇచ్చాను. చదవలేదు. మొదటి మాట నేను అందిస్తే మాత్రం పాఠమంతా ఆగకుండా చెప్పేశాడు. తర్వాత నన్ను బతిమాలుకున్నాడు: "మా మాస్టారికి సెప్పకండి అమ్మా. ఆయనకి తెలిస్తే తట్టుకోలేరు." నెలరోజులు నోరు మూసుకున్నాను. అతని మాట కోసం కాదు, మీరు నా మామయ్య అని.

ఆ మర్నాడు నా తొమ్మిది మందినీ ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచాను. పాఠంలోవే మాటలు, వరస మార్చి రాసి చదవమన్నాను. రాజకుమారి చదివింది. కెవిన్ కష్టపడి చదివాడు. మిగతా ఏడుగురూ నా మొహం చూస్తూ నిలబడ్డారు. సౌందర్య అనే పిల్ల నాలుగో తరగతి. ఇంతకాలం అందరితో పాటు పెదవులు మాత్రమే కదిపిందట, గొంతు ఎప్పుడూ కలపలేదట. అడిగితే చెప్పింది.

మళ్లీ మోసపోయాను. అప్పుడు నా పద్ధతితో, ఇప్పుడు మీ పద్ధతితో. ఒక్కొక్కరినీ అడగొద్దని ఎందుకు రాశారు? మీకు తెలిసే రాశారా? ఇంక రెండు నెలలే ఉంది మామయ్యా. ఈ పిల్లల్ని ఏం చెయ్యను?

సుజానా


పాచిపెంట,
డిసెంబరు 14.

అమ్మా సుజానా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులైంది. ఆరాధనకి కూడా వెళ్లలేదు. జవాబు రాస్తున్నాను. ఇది అత్తయ్యకి కూడా తెలియదు.

నాకు చెవుడు రిటైరయ్యాక రాలేదు. దానికి ఏడేళ్ల ముందు వచ్చింది. మొదట పిచ్చుకలు, తర్వాత సైకిలు బెల్లు, తర్వాత పిల్లల గొంతులు. ఒక పిల్లాడు లేచి చదివితే వాడి నోరు కదలడం కనపడేది, మాట వినపడేది కాదు. తప్పు చదివాడో ఒప్పు చదివాడో తెలియక తలూపేవాణ్ని. పిల్లలు నవ్వుకోవడం మొదలుపెట్టారు. ఎవరికైనా చెబితే ఇంటికి పంపేస్తారు. హెడ్మాస్టరు సువార్తరావు చెవిటివాడంటారు. అందుకని అందర్నీ కలిపి చదివించాను. నలభై మంది ఒక్కసారిగా అరిస్తే నాకు వినపడేది. ఇన్స్పెక్టర్లు మెచ్చుకున్నారు. బస్సు దగ్గర జనం ఆగి విన్నారు. క్రమంగా అదే గొప్ప పద్ధతని నేనే నమ్మేశాను. నీకు కూడా అదే రాశాను.

అంతకుముందు అలా చెప్పేవాణ్ని కాదు సుజానా. చెవులు బాగున్న రోజుల్లో నేను మంచి మాస్టర్నే. విను. కొత్త సంగతి ఏదైనా ముందు నువ్వే సూటిగా చెప్పాలి, చేసి చూపాలి. అక్కడ నేను రాసింది తప్పు కాదు. తెలియనివాడిని వెతుక్కోమనకూడదు. తర్వాత వాళ్లతో కలిసి చెయ్యాలి. ఆ తర్వాత నువ్వు నోరు మూసుకుని, వాడు ఒక్కడే చేస్తుంటే వినాలి. ఎక్కడ ఆగాడో అక్కడికి వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పాలి. ఆ మూడోది నేను ఎగ్గొట్టాను. ఒకేసారి చాలా పెట్టొద్దు. రోజుకి రెండు అక్షరాలు, ఒక గుణింతం. వాటితోనే కొత్త మాటలు రాయి, వాళ్లకి కంఠతా రాని మాటలు. వచ్చేసిన పిల్లలకి మాత్రం ఇదంతా వద్దు. రాజకుమారికి కథల పుస్తకం ఇచ్చి వదిలెయ్. బోర్డు ముందు కూర్చోబెడితే ఆ పిల్లకి చదువు మీద విసుగు పుడుతుంది.

వరహాలరావుకి ఉత్తరం రాయాలని కూర్చున్నాను. రాస్తే చదవలేడు కదా అని గుర్తొచ్చి పెన్ను పక్కన పెట్టేశాను.

మామయ్య


లింబుపుట్టు,
జనవరి 18.

మామయ్యకు వందనాలు.

మీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. మొదట చాలా కోపం వచ్చింది. వరహాలరావు పాప గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ వస్తోంది. కానీ తర్వాత రాసిన పేరా మాత్రం చించి బోర్డు పక్కన అంటించుకున్నాను.

పొద్దున్న ఇరవై నిమిషాలు అందరికీ చెబుతున్నాను. తర్వాత ఒక్కొక్కరూ వరండాలో నా పక్కన కూర్చోవాలి. మీరన్నట్టు మొదట సిగ్గుపడ్డారు. భీముడు రెండు రోజులు ఎగ్గొట్టాడు. అప్పుడు సవరమ్మే కల్పించుకుంది. చేదు దుంప వండటం పిల్లలకి ఎలా నేర్పుతారో వాళ్లందరి ముందూ నాకు చెప్పింది. ఆ దుంపని పలచగా కోసి, ఉడకబెట్టి, గెడ్డ నీళ్లలో ఎంతసేపు ఉంచాలో తెలియకపోతే విషం. "ముందు నేను సేసి సూపిత్తాను. మళ్లీ దాని సెయ్యి పట్టుకుని సేయిత్తాను. ఆనక అది ఒక్కత్తీ సేత్తంటే పక్కన కూకుని సూత్తాను. సూడకుండా వండనిత్తే ఇంటిల్లిపాదీ సత్తాం" అంది. భీముడు మర్నాడు వచ్చాడు.

ఇవాళ్టికి నలుగురు చదువుతున్నారు. రాజకుమారి, కెవిన్, సుక్రు, సువర్ణ. ఈ నలుగురికీ పాత అట్టముక్కలు మళ్లీ ఇచ్చాను. మీరు కాల్చమన్నారు గానీ దాచాను. ఇప్పుడు వాటితో నేను చెప్పని మాటలు కూడా వాళ్లే తయారుచేసుకుంటున్నారు. చదవడం వచ్చాక వెతుక్కోవడం బాగుంది. మిగతావాళ్లలో సౌందర్య ఒక్కతే దగ్గరగా ఉంది. నా చెవిలో చెబితే చదువుతుంది, రెండడుగులు వెనక్కి జరిగితే గొంతు ఆగిపోతుంది.

అన్నిటికంటే కష్టమైన పని నిన్న చేశాను. పరీక్ష రోజు ఎవరికీ జవాబు అందించకూడదని రాజకుమారికి చెప్పాను. నేనేదో పాపం చెయ్యమన్నట్టు చూసింది. నువ్వు అందిస్తే వాళ్లకి రాలేదని నాకు ఎప్పటికీ తెలియదమ్మా అన్నాను. కథల పుస్తకం తీసుకుని బయటికి వెళ్లిపోయింది. ఐదో పిల్ల లేకపోతే బడి లేదు.

సుజానా


లింబుపుట్టు,
ఫిబ్రవరి 14.

మామయ్యకు వందనాలు.

నిన్న గణపతిరావు గారు వచ్చారు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఒక్కొక్కరినీ పిలిచారు. కాగితం మీద చేపల గురించి ఒక చిన్న పేరా. మేమెవరం చూడనిది. రాజకుమారి గడగడా చదివి బయటికి వెళ్లింది. కెవిన్, సువర్ణ చదివారు. సుక్రు మధ్యలో ఒకసారి ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ అందుకున్నాడు. నలుగురు. తర్వాత భీముడు, నూకరత్నం, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు. ఎవరూ రెండో మాట దాటలేదు. చివరికి సౌందర్య మిగిలింది.

ఆ పిల్ల కాగితం మీద వేలు పెట్టింది. ఏమీ వినపడలేదు. కిటికీ బయట రాజకుమారి వచ్చి నిలబడటం చూశాను. దాని పెదవులు తెరుచుకున్నాయి. వద్దని తల అడ్డంగా ఊపాను. అది నన్ను చూసి, తన నోటిని తనే చేత్తో మూసుకుంది. కళ్లనిండా నీళ్లు. గణపతిరావు గారు పెన్ను తీసి సౌందర్య పేరు ఎదురుగా సున్నా చుట్టేశారు.

సార్, వేలు చూడండి, కదులుతోంది అన్నాను. కాస్త దగ్గరికి జరిగి వినమని అడిగాను. విసుక్కుంటూనే కుర్చీ జరిపి, తల వంచి, దాని నోటి దగ్గర చెవి పెట్టారు. చాలాసేపు అలాగే ఉన్నారు. పేరా అయ్యాక ఆ సున్నా కొట్టేశారు. "సదివింది" అన్నారు. అంతవరకూ పుస్తకాల భాష మాట్లాడిన మనిషి.

బడి ఉంటుంది మామయ్యా. ఈ మాట రాయడానికి ఏడు నెలలు పట్టింది.

కానీ ఆయన వెళ్లబోతూ ఫారం నా ముందు పెట్టి, తొమ్మిది మందీ చదివారని రాసెయ్యమన్నారు. అలా రాస్తే వచ్చే ఏడు రెండో టీచరు పోస్టు అడగొచ్చట. బడి జోలికి మళ్లీ ఎవరూ రారట. ఐదుగురంటే అంచు మీద ఉన్నట్టే, ఏటా పరీక్షే అన్నారు. పెన్ను కూడా ఆయనే ఇచ్చారు. నాకు ఆశ పుట్టలేదని అబద్ధం చెప్పను. రెండో టీచరు వస్తే ఎంత బాగుంటుంది. అప్పుడు గుమ్మం దగ్గర భీముడు కనిపించాడు. తనకి రాలేదని వాడికి తెలుసు. నేనిప్పుడు వచ్చిందని రాస్తే, ఇక వాడిని అడిగేవాళ్లు ఉండరు. ఐదుగురనే రాశాను. ఆయన మొహం మాడ్చుకుని వెళ్లిపోయారు.

సోమవారం చదవడం రాని ఆ నలుగురితో మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతున్నాను.

మీ సుజానా


పాచిపెంట,
ఫిబ్రవరి 23.

అమ్మా సుజానా,

నీ ఉత్తరం అత్తయ్యకి బయటికి చదివి వినిపించాను. అది వినిపించాలంటే నా సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది, చెప్పేశాను. చాలాసేపు తిట్టింది. తర్వాత విజయనగరం తీసుకెళ్లి చెవికి మిషను పెట్టించింది. మొదటి రోజు అన్నం గిన్నె మీద మూత పెట్టినా ఉలిక్కిపడ్డాను.

నిన్న వరహాలరావు ఇంటికి నేనే వెళ్లాను. నేను వినలేదురా, తప్పు నాదే అని వాడి పెళ్లాం ఎదుటే చెప్పాను. వాడు ఒప్పుకోడు. "మీదేటి తప్పు మాస్టారూ, నేనే అందరితో పాటు నోరు ఆడించేసేవోణ్ని" అంటాడు. ఇరవై మూడేళ్లవాడు, నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. నాకూ ఆగలేదు.

తర్వాత పలక తెచ్చాను. వాచకం జోలికి పోలేదు, అది వాడికి కంఠతా వచ్చు. వాడి పాప రోజూ పలికే మూడు చిన్న మాటలు రాసి చదవమన్నాను. మొదటిది కూడబలుక్కుని చదివాడు. రెండోది నేను అక్షరం చూపిస్తే చదివాడు. మూడో మాట దగ్గర గొంతు ఆగిపోయింది.

వాడు ఆగడం నాకు వినపడింది సుజానా. పదిహేనేళ్ల కిందట వినాల్సింది.

మామయ్య